స్కేలు పెట్టి కొలిచి ప్రింటు తీసే షాపు: లిండ్‌బర్గ్ కేసు మ్యాపుతో నా అనుభవం

విజయనగరంలో ఎవరికైనా పెద్ద మ్యాపు ప్రింటు తీయించాల్సిన పని పడితే, మూడు లాంతర్లకి దగ్గర్లో ఒక సందులో ఉన్న ప్లాన్ ప్రింట్ల షాపుకి వెళ్లండి. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను. బోర్డు మీద షాపు పేరు కన్నా "ప్లాన్ ప్రింట్స్, జిరాక్స్, ల్యామినేషన్" అన్న అక్షరాలే పెద్దగా కనబడతాయి. తండ్రీ కొడుకులు నడుపుతారు. ఎప్పుడు వెళ్లినా ఇంటి ప్లాన్లు పట్టుకున్న మేస్త్రీలో, లేఅవుట్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన సర్వేయర్లో ఇద్దరు ముగ్గురు ఉంటారు. నేను తీసుకెళ్లింది అలాంటి పని కాదు. 1932లో అమెరికాలో జరిగిన లిండ్‌బర్గ్ పసివాడి కిడ్నాప్ కేసులో ఏ చోట ఏం జరిగిందో గుర్తులు పెట్టిన మ్యాపు, రెండు పెద్ద షీట్లు. మూడుసార్లు తిరగాల్సి వచ్చింది గాని, వాళ్లు లేకపోతే ఆ మ్యాపు తప్పుగానే గోడెక్కేది.

మా మేనకోడలు లా చదువుతోంది. డబ్బు కోసం మనిషిని ఎత్తుకుపోవడం మీద చట్టాలు ఎలా వచ్చాయో కాలేజీ సెమినార్లో చెప్పాలి. మన ఐపీసీలో దానికోసం 364ఎ సెక్షన్ 1993లో చేరింది, ఇప్పుడు అదే భారతీయ న్యాయ సంహితలో 140(2). అమెరికాలో మాత్రం 1932లోనే ఫెడరల్ చట్టం వచ్చింది, అది ఈ కేసు వల్లనే వచ్చింది, అందుకే దాన్ని అక్కడ లిండ్‌బర్గ్ చట్టం అంటారు. "మావయ్యా, చట్టం నేను చెప్పుకుంటాను, కేసు నువ్వు చెప్పు, నీకే బాగా తెలుసు కదా" అంది. నిజమే, ఈ కేసు గురించి నేను పదిహేనేళ్లుగా చదువుతున్నాను. ముప్పై ఏళ్లకి పైగా బ్యాంకులో క్యాష్ కౌంటర్లో కూర్చున్న మనిషిని, ఈ కేసు నన్ను పట్టుకోవడానికి కారణం అదే. రెండున్నరేళ్లు పోలీసులకి దొరకని మనిషి చివరికి ఒక నోటు నంబరు దగ్గర దొరికాడు. నోటు వెనక్కి తిప్పి చూసే అలవాటు ఉన్నవాళ్లు పట్టించారు.

సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను, చుక్కలు ఎక్కడ పెట్టానో అప్పుడు అర్థమవుతుంది. చార్లెస్ లిండ్‌బర్గ్ 1927లో న్యూయార్కు నుంచి పారిస్‌కి ఒంటరిగా, ఎక్కడా దిగకుండా విమానం నడిపినవాడు. అప్పట్లో ఆయన పేరు తెలియని ఊరు లేదు. న్యూజెర్సీలో హోప్‌వెల్ అనే చిన్న ఊరికి దగ్గర, సోర్లాండ్ కొండల్లో కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. మామూలుగా వారం మధ్యలో వాళ్లు అక్కడ ఉండరు, ఎంగిల్‌వుడ్‌లో అత్తగారింట్లో ఉంటారు. ఆ వారం బాబుకి జలుబు చేసిందని కొత్త ఇంట్లోనే ఆగిపోయారు. 1932 మార్చి 1, మంగళవారం రాత్రి, ఇరవై నెలల బాబుని పైఅంతస్తు కిటికీలోంచి ఎత్తుకుపోయారు. పది గంటలకి ఆయా వెళ్లి చూస్తే ఉయ్యాల ఖాళీ. కిటికీ గట్టు మీద 50,000 డాలర్లు అడుగుతూ ఉత్తరం, ఇంటికి డెబ్భై ఐదు అడుగుల దూరంలో మూడు ముక్కలుగా చేసిన చెక్క నిచ్చెన.

నా మొదటి చుక్క ఆ ఇల్లు. రెండోది ఎంగిల్‌వుడ్. ఈ రెండూ పక్కపక్కన ఒకే మ్యాపు మీద చూస్తేనే ఒక ప్రశ్న పుడుతుంది: ఆ మంగళవారం వాళ్లు ఎక్కడ ఉన్నారో బయటివాడికి ఎలా తెలిసింది? పోలీసులు కూడా మొదట అందుకే ఇంట్లో పనిచేసేవాళ్లని గుచ్చి గుచ్చి అడిగారు. ఎంగిల్‌వుడ్ ఇంట్లో పనిచేసే ఒక అమ్మాయి ఆ విచారణలు తట్టుకోలేక జూన్‌లో విషం తాగి చనిపోయింది. తర్వాత ఆమెకి ఈ కేసుతో సంబంధం లేదని తేలింది. ఆమె కోసం కూడా ఎంగిల్‌వుడ్ మీద ఒక చిన్న గుర్తు పెట్టాను. మేనకోడలు వద్దంది, నేను ఉండనిమ్మన్నాను.

మొదట వేరే చోట ఫ్లెక్స్ మీద వేయించాను. అది ఏ షాపో, ఏ ఊళ్లోదో చెప్పను, అక్కడ రోజూ చేసేది పెళ్లి ఫ్లెక్స్‌లూ పుట్టినరోజు ఫ్లెక్స్‌లూ. ఆరడుగులకి నాలుగడుగులు అన్నాను, ఫైలు ఆ కొలతకి సరిపోకపోతే అడ్డంగా సాగదీసి నింపేశారు. ఇంటికి తెచ్చి గోడకి ఆనించి చూస్తే ఏదో తేడాగా ఉంది గాని ఏమిటో తెలియలేదు. నేను ఈ కేసులో చివరికి పట్టుబడ్డ హాప్ట్‌మన్ ఇంటి చుట్టూ గీసుకున్న వలయం కోడిగుడ్డులా కనబడేసరికి అర్థమైంది. తూర్పు పడమర కిలోమీటరు ఒక పొడవు, ఉత్తర దక్షిణాల కిలోమీటరు ఇంకో పొడవు. ఫొటో అయితే మనిషి కొంచెం లావుగా కనబడతాడు, సరిపెట్టుకోవచ్చు. దూరాల మీదే నిలబడ్డ కేసులో దూరాలే తప్పితే ఇంకేం మిగులుతుంది?

అప్పుడు మా వీధిలో ఉండే మేస్త్రీ ఈ సందులో షాపు చెప్పాడు. "ప్లాన్లు మున్సిపాలిటీలో పెట్టాలి కదండీ, స్కేలు తప్పితే వెనక్కి కొట్టేస్తారు, ఆళ్లు చూసుకుంటారు" అన్నాడు.

వెళ్లాను. కుర్రాడు పెన్‌డ్రైవ్ తీసుకుని ఫైలు తెరిచి, వెంటనే ప్రింటు కొట్టలేదు. "స్కేలు ఎంత సార్?" అన్నాడు. మూలన రాసుంది కదా, 1:20,000 అన్నాను. అంటే మ్యాపు మీద ఐదు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. "అది రాత సార్. ఇందులో మీకు కచ్చితంగా తెలిసిన దూరం ఏదైనా ఒకటి చెప్పండి" అన్నాడు. నాకు చప్పున తట్టింది, మన్‌హట్టన్‌లో అడ్డవీధులు ఇరవై దాటితే ఒక మైలు. 127వ వీధి నుంచి 147వ వీధి దాకా మైలు. 1:20,000 అయితే ఎనిమిది సెంటీమీటర్లు రావాలి. ఏ3 కాగితం మీద ఆ ముక్క మాత్రం అసలు సైజులో తీసి, స్టీలు స్కేలు పెట్టి కొలిచాడు. పదిన్నర దాటింది.

నేను మళ్లీ ప్రింటు మిషను సాగదీసిందేమో అనుకున్నాను. వాళ్ల నాన్నగారు కుర్చీలోంచి లేచి వచ్చి చూసి, ఇటూ సాగింది అటూ సాగింది, సమానంగా సాగింది కాబట్టి మిషను తప్పు కాదు, ఫైల్లోనే ఉంది అన్నారు. ఆయన అమ్మోనియా ప్రింట్ల కాలం నుంచి ఈ పనిలో ఉన్నారట. కుర్రాడు అడిగాడు: "ఈ ఫైలు ఏ జోన్‌లో చేశారు సార్? మన సర్వేయర్లు తెచ్చేవన్నీ 44లో ఉంటాయి, టెక్కలి పలాస వైపువైతే 45 వస్తాయి. న్యూయార్కుది ఎంతో మరి." ఆ ప్రశ్నతో ముడి విడిపోయింది. జోన్ అంటే, దూరాలు సరిగ్గా రావడానికి భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి నంబర్లు పెట్టిన యూటీఎం అనే లెక్కలో ఒక పట్టీ. నెట్‌లో చూసే మ్యాపులు మెర్కేటర్ లెక్కలో ఉంటాయి, భూమధ్యరేఖ నుంచి పైకి వెళ్లేకొద్దీ అన్నీ పెద్దవై కనబడతాయి. న్యూయార్కు దగ్గరికి వచ్చేసరికి దాదాపు మూడో వంతు ఎక్కువ. మేము ఆ లెక్కలోనే ఉంచి, స్కేలు గడిలో 1:20,000 అని కొట్టేశాం. ఆ రాత్రి మేనకోడలు, మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్ అయిన క్యూజీఐఎస్‌లో దాన్ని యూటీఎం 18వ జోన్‌కి మార్చింది, న్యూయార్కూ న్యూజెర్సీ రెండూ అందులోకే వస్తాయి. మర్నాడు మళ్లీ అదే కుర్రాడు, అదే స్టీలు స్కేలు. ఎనిమిది సెంటీమీటర్ల మీద ఒక గీత. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను, నెలాఖరున క్యాష్ పైసాతో సహా సరిపోయినప్పుడు ఉండేది ఆ సంతోషం.

ఇంతకీ ఈ దూరాల గోల ఎందుకంటారా, రెండో షీటు మొత్తం దాని గురించే. మొదటి షీటు 1:1,00,000, సెంటీమీటరుకి కిలోమీటరు. అందులో హోప్‌వెల్ ఇల్లు, తర్వాత విచారణ జరిగిన ఫ్లెమింగ్టన్ కోర్టు, శిక్ష అమలైన ట్రెంటన్ జైలు, ఇటు చివర న్యూయార్కు నగరం వస్తాయి. ఇంటి నుంచి ఆ నగరంలో ఉత్తరం వైపు పేట బ్రాంక్స్‌కి నేరుగా గీత గీస్తే తొంభై సెంటీమీటర్లు, అంటే తొంభై కిలోమీటర్లు. మన విజయనగరం నుంచి కోటబొమ్మాళి ఎంతో ఇంచుమించు అంత. అంత దూరం గీత పక్కనే, ఇంటికి ఏడు సెంటీమీటర్లలో ఇంకో చుక్క ఉంది. దేశమంతా వెతుకుతుంటే, మే 12న మౌంట్ రోజ్ దగ్గర రోడ్డు పక్క అడవిలో, రోడ్డుకి నలభై ఐదు అడుగుల దూరంలో, లారీలోంచి దిగి చెట్లలోకి వెళ్లిన మనిషికి బాబు శవం కనబడింది. చనిపోయి రెండు నెలలు అయిందని పరీక్షలో తేలింది. అంటే కిడ్నాపరు ఏప్రిల్లో డబ్బు తీసుకున్న రోజుకే బాబు లేడు. ఆ ఏడు సెంటీమీటర్ల దగ్గర షాపులో నిలబడ్డ మేస్త్రీ ఒకాయన వేలు పెట్టి "ఇంత దగ్గరా?" అని చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయారు.

రెండో షీటు న్యూయార్కు. హోప్‌వెల్‌లో ఎత్తుకుపోయారు, కానీ ఆ తర్వాత జరిగిందంతా తొంభై కిలోమీటర్ల అవతల, ఆ నగరంలో ఒక మూలే జరిగింది. రెండో ఉత్తరం మీద బ్రుక్లిన్ పోస్టు ముద్ర ఉంది, అందులో అడిగిన సొమ్ము 70,000 డాలర్లకి పెంచారు. తర్వాత జాన్ కాండన్ అనే రిటైరైన హెడ్మాస్టరు, బ్రాంక్స్‌లోనే ఉండే మనిషి, తాను మధ్యవర్తిగా ఉంటానని 'బ్రాంక్స్ హోమ్ న్యూస్' అనే పేపర్లో రాశారు. అది ఆ ప్రాంతం పేపరు, దేశమంతా చదివేది కాదు. దానికి కిడ్నాపరు నుంచి జవాబు వచ్చింది. ఈ ఒక్క సంగతే నాకు పెద్ద గుర్తుగా అనిపిస్తుంది, ఆ పేపరు చదివేవాడు ఎక్కడ ఉంటాడు? అందుకని కాండన్ ఉన్న డికేటర్ అవెన్యూకి మామూలు చుక్క కాకుండా చతురస్రం పెట్టాను.

మార్చి 12 రాత్రి టాక్సీవాడి చేతికి ఉత్తరం ఇచ్చి పంపారు, అందులో చెప్పినట్టు వెళ్తే జెరోమ్ అవెన్యూలో రైలు చివరి స్టేషను దగ్గర మూసేసిన తినుబండారాల కొట్టు అరుగు మీద రాయి కింద ఇంకో ఉత్తరం, అక్కణ్ణించి వుడ్‌లాన్ సమాధుల తోట గేటు. గేటు అవతల నుంచి ఒక మనిషి చేతిరుమాలు ఊపాడు, ఎవరో వస్తున్నారని గోడ దూకి పరిగెత్తాడు, ఎదురుగా వాన్ కోర్ట్‌లాండ్ పార్కులో బెంచీ మీద కాండన్‌తో గంటకి పైగా మాట్లాడాడు. ఏప్రిల్ 2న ఇదే పద్ధతి, ఈసారి ఈస్ట్ ట్రెమాంట్ అవెన్యూలో పూల మొక్కలు అమ్మే చోట బల్ల కింద రాయి పెట్టి ఉంచిన చీటీ, అక్కణ్ణించి సెయింట్ రేమండ్స్ సమాధుల తోట. దూరంగా కారులో కూర్చున్న లిండ్‌బర్గ్‌కి "హే డాక్టర్" అన్న పిలుపు వినబడింది. 50,000 డాలర్లు చేతులు మారాయి. బదులుగా దొరికింది నెల్లీ అనే పడవలో బాబు ఉన్నాడని ఒక కాగితం. లిండ్‌బర్గ్ విమానంలో మాసచూసెట్స్ తీరమంతా వెతికాడు, అలాంటి పడవే లేదు.

ఈ చుక్కలన్నీ పెట్టాక, తర్వాత పట్టుబడ్డ బ్రూనో రిచర్డ్ హాప్ట్‌మన్ ఉన్న ఈస్ట్ 222వ వీధి మీద స్కేలు పెట్టి కొలవండి. కాండన్ ఇల్లు పదహారు సెంటీమీటర్లు, అంటే మూడు కిలోమీటర్ల పైచిలుకు. వుడ్‌లాన్ గేటు మూడున్నర కిలోమీటర్లు. సెయింట్ రేమండ్స్ ముప్పై సెంటీమీటర్లు, ఆరు కిలోమీటర్లు. మనకి కోట దగ్గర్నుంచి ఊరి చివరి దాకా లెక్క. ఇప్పుడు ఈ దూరాల్ని మూడో వంతు పెంచి చూసినా, ఒక పక్కకి సాగదీసి చూసినా, ఆ చుక్కల గుత్తి గుత్తిలా కనబడదు. అందుకే ఆ కుర్రాడు కొలవకుండా ప్రింటు తీయనందుకు నేను ఇంత సంతోషపడుతున్నాను.

అసలు ఈ మ్యాపు ఆలోచన నాది కాదు, అప్పటి డిటెక్టివులదే. డబ్బు ఇచ్చేటప్పుడు ఆదాయపు పన్ను శాఖ అధికారి ఎల్మర్ ఐరీ పట్టుబట్టి ఎక్కువ భాగం గోల్డ్ సర్టిఫికెట్లు, అంటే బంగారానికి హామీ ఉన్న నోట్లు పెట్టించారు, ప్రతి నంబరూ రాయించారు. ఆ నంబర్ల జాబితా బ్యాంకులకి వెళ్లింది. న్యూయార్కు పోలీసుల్లో జేమ్స్ ఫిన్ అనే డిటెక్టివు, ఎఫ్‌బీఐ వాళ్లు, గోడ మీద పెద్ద మ్యాపు పెట్టుకుని నోటు దొరికిన ప్రతిచోటా రంగు పిన్ను గుచ్చుతూ పోయారు. 1934 ఆగస్టు 20 తర్వాత కొద్దిరోజుల్లోనే యార్క్‌విల్, హార్లెం ప్రాంతాల్లో పదహారు నోట్లు దొరికాయి.

ఇక్కడ క్యాషియరుగా నా మాట ఒకటి చెప్పాలి. పిన్ను ఉన్నచోట నేరస్తుడు ఉన్నాడని కాదు. పిన్ను ఉన్నచోట నంబరు చూసే గుమాస్తా ఒకడు ఉన్నాడు, అంతే. జాబితా మూలన పడేసిన బ్యాంకు ఉన్న పేటలో ఎన్ని నోట్లు మారినా ఒక్క పిన్ను కూడా పడదు. పైగా నోటు బ్యాంకుకి వచ్చేసరికి నాలుగు చేతులు మారుతుంది. అందుకని బ్యాంకు నుంచి వెనక్కి, కొట్టు దాకా, కొట్టులో ఇచ్చిన మనిషి ముఖం దాకా వెళ్లాలి, అది చాలా కష్టం. మా కౌంటర్లో దొంగనోటు వచ్చినప్పుడు "ఇది నీకు ఎవరిచ్చారు బాబూ" అంటే ఎంతమంది గుర్తుపెట్టుకుని చెప్పారు? అందుకే నేను నా మ్యాపులో రెండు రకాల గుర్తులు పెట్టాను. కొట్టువాడికి మనిషి గుర్తున్న చోట నిండు చుక్క, బ్యాంకులో మాత్రమే దొరికిన చోట ఖాళీ వలయం. 1933 నవంబరు 26న షెరిడన్ స్క్వేర్ సినిమా హాల్లో టిక్కెట్టు కౌంటరులో ఉన్నామెకి ఎనిమిది మడతలు పెట్టిన ఐదు డాలర్ల నోటు విసిరిన మనిషి బాగా గుర్తున్నాడు. అది నిండు చుక్క.

ఆ షెరిడన్ స్క్వేర్ మొదట షీటులో పట్టలేదు. తప్పు స్కేలు వల్ల బయటికి పోయింది, అంచున బాణం వేసి సరిపెట్టుకున్నాను. జోన్ మార్చాక లోపలికి వచ్చింది గాని ఏ0 కాగితం మీద మార్జిన్‌కి ఆనుకుని నలిగిపోయింది. కుర్రాడు "ఏ0కే ఎందుకు కట్టుబడాలి సార్, రోలు 36 అంగుళాలు ఉంది, మీకు కావలసినంత తీసి కోసేద్దాం" అన్నాడు. ఏడు సెంటీమీటర్లు కలిసొచ్చాయి. మనకి తట్టని మాట రోజూ ఆ పని చేసేవాడికి తడుతుంది.

ఇంకొక చుక్క ఉంది, అది నాకు ఇప్పటికీ నిద్రపట్టనివ్వదు. 1933 ఏప్రిల్ 5న అమెరికాలో బంగారం, గోల్డ్ సర్టిఫికెట్లు మే 1 లోగా వెనక్కి ఇచ్చేయాలని ఉత్తర్వు వచ్చింది. 2016 నవంబరులో కౌంటర్లో కూర్చున్న నాకు ఆ రోజులు ఎలా ఉండి ఉంటాయో బాగా తెలుసు, క్యూలో మనిషి ముఖం చూసే తీరిక ఉండదు, నోట్లు లెక్కపెట్టడమే. ఆఖరి రోజు మే 1న న్యూయార్కు ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో ఒకడు ఆ డబ్బులోంచి 2,980 డాలర్లు మార్చుకుని, స్లిప్పు మీద జె.జె. ఫాల్కనర్, వెస్ట్ 149వ వీధి అని రాసిచ్చాడు. ఆ ఇంట్లో అప్పుడు ఆ పేరుతో ఎవరూ లేరు. ఆ రాసినవాడెవడో ఎప్పటికీ తేలలేదు. ఆ చుక్కకి నేను ఏ రంగూ వేయలేదు, గీత మాత్రమే.

కాకపోతే అదే ఉత్తర్వు దొంగని పట్టించింది. ఆ తర్వాత గోల్డ్ సర్టిఫికెట్ చేతిలో ఉండటమే వింత అయిపోయింది. 1934 సెప్టెంబరు 15న లెక్సింగ్టన్ అవెన్యూ, 127వ వీధి మూల పెట్రోలు బంకులో ఒకడు పది డాలర్ల గోల్డ్ సర్టిఫికెట్ ఇచ్చాడు. బ్యాంకువాళ్లు దీన్ని తీసుకోరేమో అన్న అనుమానంతో బంకు మనిషి ఆ నోటు అంచునే కారు నంబరు రాసిపెట్టాడు. కార్న్ ఎక్స్చేంజ్ బ్యాంకులో గుమాస్తా నంబరు జాబితాతో సరిచూశాడు. కారు నంబరు హాప్ట్‌మన్‌ది. 19న పట్టుకుంటే జేబులో ఇంకో నోటు, గ్యారేజీలో దాచిన 13,000 డాలర్ల పైచిలుకు. నా మ్యాపులో అందరికన్నా పెద్ద చుక్క ఆ పెట్రోలు బంకుదే.

నిచ్చెన కథ మొదటి షీటులో కూడా పట్టదు. ఆర్థర్ కోలర్ అనే చెక్క నిపుణుడు విస్కాన్సిన్‌లో కూర్చుని పదిహేను వందలకి పైగా రంపపు మిల్లులకి ఉత్తరాలు రాసి, చెక్క మీద యంత్రం బ్లేడు వదిలిన గీతల్ని బట్టి దక్షిణ కరోలినాలో మిల్లు, అక్కణ్ణించి బ్రాంక్స్‌లో కలప డిపో దాకా వచ్చాడు. డిపో చుక్క మళ్లీ అదే గుత్తిలో పడింది. ఫ్లెమింగ్టన్ కోర్టులో 1935 జనవరిలో మొదలైన విచారణ ఫిబ్రవరి 13న ముగిసింది, 1936 ఏప్రిల్ 3న ట్రెంటన్‌లో మరణశిక్ష అమలైంది. చివరి దాకా హాప్ట్‌మన్ నేరం ఒప్పుకోలేదు. అతనొక్కడే చేశాడా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. నా మ్యాపు ఆ వాదన తేల్చదు, డబ్బు ఎక్కడ తిరిగిందో మాత్రం చూపిస్తుంది. మేనకోడలికి కూడా ఇదే చెప్పాను, సెమినార్లో ఎవరైనా అడిగితే అలాగే చెప్పమన్నాను.

షాపులో ఇబ్బందులు కూడా ఉన్నాయి. తెలుగు అక్షరాలు వాళ్ల కంప్యూటర్లో విరిగిపోయాయి. "బ్రాంక్స్", "ఫ్లెమింగ్టన్" అన్నవాటిలో వత్తులన్నీ విడిపోయి పక్కన కూర్చున్నాయి. చూసుకోకపోతే అలాగే అచ్చయ్యేది. పీడీఎఫ్ తీసేటప్పుడే అక్షరాల్ని గీతలుగా మార్చే ఆప్షన్ పెట్టి తెమ్మన్నాడు, అప్పుడు సరిగ్గా వచ్చింది. తెలుగులో ఏదైనా రాసుకున్నవాళ్లు ఇంట్లోనే ఈ పని చేసుకుని వెళ్లండి, ఒక రోజు కలిసొస్తుంది. "గంటలో అయిపోద్ది సార్" అన్నది నమ్మొద్దు, మూడుసార్లూ సాయంత్రమే అయింది, సర్వేయర్ల అర్జెంటు పనులు మధ్యలో దూరతాయి. ఒకసారి షీటు సగంలో ఉండగా కరెంటు పోయింది, కంప్యూటరుకి ఇన్వర్టర్ ఉంది గాని పెద్ద షీట్లు తీసే ప్లాటరుకి లేదు, ఆ కాగితం పాడైంది. దానికి డబ్బు తీసుకోలేదు. సందులో కారు పెట్టడానికి చోటు ఉండదు, బండి మీద వెళ్లండి.

రంగుల సంగతి కూడా చెప్పాలి. మ్యాట్ కాగితం మీద ఎరుపూ నారింజా ఒకేలా కనబడ్డాయి. నేను రంగుల మీదే ఆధారపడ్డాను, డబ్బు ఇచ్చిన చోట ఎరుపు, నోటు దొరికిన చోట నారింజ. పెద్దాయన చూసి, రంగు చూడలేనివాళ్లు కూడా ఉంటారు, ఆకారం మార్చండి, ఒకటి త్రికోణం చేయండి అన్నారు. చేశాను. ఇప్పుడు పది అడుగుల దూరం నుంచి కూడా తేడా తెలుస్తోంది. దారులు కూడా లేత బూడిద రంగులోకి మార్చమన్నారు. అది ఇంకో రకంగా మంచిదైంది, ఎందుకంటే ఆ దారుల్లో పెద్ద హైవేలు చాలావరకు 1932 తర్వాత వచ్చినవే, సెయింట్ రేమండ్స్ వైపు వెళ్లే వైట్‌స్టోన్ వంతెనే 1939లో కట్టారు. లేత రంగులో ఉంటే చూసేవాళ్లు కిడ్నాపరు ఈ హైవే మీద వచ్చాడేమో అని పొరబడరు. పాత దారులు అమెరికా సర్వే శాఖ ఉచితంగా ఇచ్చే పాత టోపో షీట్ల నుంచి ముదురు గీతతో మేమే గీసుకున్నాం, అది మేనకోడలు రెండు వారాల కష్టం.

రేటు కలర్ షీటు ఒక్కోటి 420 తీసుకున్నారు, ఏ3 పరీక్ష ప్రింట్లకి 30 చొప్పున. ఫ్లెక్స్ కన్నా ఎక్కువే, కానీ ఆ ఫ్లెక్స్ ఇప్పుడు మా ఇంట్లో బియ్యం బస్తా కింద పరిచి ఉంది. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, అర తగ్గించింది ఆ "గంటలో" అన్న మాటకి.

సెమినారుకి ఇంకా పది రోజులుంది. ల్యామినేషన్‌కి మళ్లీ వెళ్లాలి. నేను మెరిసేది అడిగాను, వద్దన్నారు. హాల్లో ట్యూబ్‌లైట్ల వెలుగు పడితే వెనక వరుసవాళ్లకి బ్రాంక్స్ అంతా తెల్లగా మెరుస్తుంది, చుక్కలు కనబడవు, మ్యాట్ చేయించండి, రెండు రోజుల ముందు తెస్తే చాలు అన్నారు.